చేతికన్నా ముందే చూపు

స్టాక్‌హోమ్ మెట్రోలో ఎర్ర లైను బండెక్కి టెక్నిస్కా హోగ్‌స్కోలన్ స్టేషన్లో దిగితే, కొండరాయిని తొలిచి కట్టిన ఆ ప్లాట్‌ఫారం మీద పెద్ద పెద్ద ఘనాకృతులు ఎదురవుతాయి. నిప్పు, నీరు, గాలి, నేల, విశ్వం, వీటికి ఒక్కో ఆకారం చొప్పున ప్లేటో చెప్పిన అయిదూ అవి. 1973లో తెరిచిన ఈ స్టేషన్‌కి వాటిని లెనార్ట్ మోర్క్ అనే కళాకారుడు చేసిపెట్టాడు. న్యూటన్ సూత్రాలకీ, లియొనార్డో డావిన్సీ ఊహించిన ఎగిరే యంత్రానికీ కూడా అక్కడ చోటుంది. పొద్దున్నే క్లాసులకు పరుగెత్తే పిల్లలు వాటి వంక చూడను కూడా చూడటం లేదు. మెట్లెక్కి పైకొస్తే సెప్టెంబరు చివరి ఎండ ఏటవాలుగా పడుతోంది. బర్చ్ చెట్లు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.

నేను స్వీడన్ వెళ్లింది ఒక పని మీద. కొన్నేళ్ల కిందట చెన్నై దగ్గర ఓ కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ రోబోలను చూశాను. ఇనప కంచెకి అవతల అవి, ఇవతల మనుషులు. కంచె తలుపు తీస్తే యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. ఎందుకింత దూరం అని అడిగితే, అక్కడి సూపర్‌వైజరు చాలా మామూలుగా చెప్పాడు: "దాని చెయ్యి ఎటు తిరుగుతుందో మనకి తెలీదు సార్, మనం ఎటు జరుగుతామో దానికి తెలీదు." ఆ మాట నన్ను వదల్లేదు. ఇద్దరు మనుషులు బీరువాను మెట్ల మీంచి దింపేటప్పుడు వాళ్ల మధ్య కంచె అక్కర్లేదు. ఎక్కువ మాటలు కూడా అక్కర్లేదు. ఒకరి కళ్లను ఒకరు చూసుకుంటూ దింపేస్తారు. ఈ విద్యను యంత్రానికి నేర్పుతున్నవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. అయితే దీని వెనకున్న పరిశోధనల్లో ముఖ్యమైనవి కొన్ని స్టాక్‌హోమ్, ఉప్సాలా, ఉమియో అనే మూడు ఊళ్లలో జరిగాయి. మూడూ ఉత్తరానికి పోయే ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఇంతకన్నా మంచి వంక దొరకదని బయల్దేరాను.

స్టేషన్ పక్కనే కేటీహెచ్, అంటే రాయల్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్. మా స్నేహితుడి కూతురు అక్కడ చదువుతోంది. గుంటూరు పిల్ల. ల్యాబు తలుపు దగ్గరే ఆపి, "బాబాయ్, దాని మొహంలోకి కాసేపు తిన్నగా చూడండి. కొత్తవాళ్లంతా ముందు నవ్వేసి చూపు తిప్పేసుకుంటారు" అంది.

బల్ల మీద ఒక తల ఉంది, మొండెం లేదు. అర్ధపారదర్శకంగా ఉన్న ముసుగు మీద లోపల్నుంచి ఒక చిన్న ప్రొజెక్టరు ముఖాన్ని వేస్తోంది. కళ్లూ కనుబొమలూ పెదాలూ అన్నీ వెలుతురే. మెడ మాత్రం మోటార్లతో నిజంగా తిరుగుతుంది. దీన్ని ఫర్‌హ్యాట్ అంటారు. తొలి రోజుల్లో తల వెనక యంత్రసామగ్రి కనిపించకుండా బొచ్చుటోపీ తొడిగేవారు, అదే పేరయింది. 2011లో లండన్ సైన్స్ మ్యూజియంలో జనం ముందుకొచ్చింది. 2014లో సామెర్ అల్ ముబాయిద్, గాబ్రియెల్ స్కాంట్సే, వాళ్ల సహచరులు కంపెనీ పెట్టారు.

కంప్యూటర్ తెర మీదే ఓ బొమ్మ ముఖం వేస్తే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకన్నది నా మొదటి ప్రశ్న. ఆ పిల్ల నన్ను తెర ముందు కూచోబెట్టి, తను పక్కకి జరిగి నిలబడింది. తెరమీది ముఖం నన్నే చూస్తోంది. "నన్ను కూడా చూస్తోంది" అంది తను. గోడకు తగిలించిన ఫొటోలో తాతగారు గదిలో ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టుంటారు కదా, అదే ఇది. మోనాలిసా ప్రభావమని పిలుస్తారు. బల్లపరుపు బొమ్మ చూపు అందరిదీ అవుతుంది, అంటే ఏ ఒక్కరిదీ కాదు. ముగ్గురున్న గదిలో "మీరేమంటారు?" అని అడిగితే ఎవర్ని అడిగిందో తేలదు. ముఖానికి నిజమైన ఎత్తుపల్లాలుంటే చూపుకు దిక్కు వస్తుంది. అల్ ముబాయిద్, అతని సహచరులు 2012లో దీన్ని కొలిచి చూపించారు.

తర్వాత నన్ను ఫర్‌హ్యాట్ ముందు కూచోబెట్టారు. మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక పటం, నా చేతిలో పెన్సిలు. అది ఇంగ్లీషులో దారి చెబుతుంది, నేను గీత గీయాలి. పటంలో ఒకేలాంటి గోపురాలు రెండున్నాయి. "గోపురం దాకా వెళ్లి ఎడమకు తిరగండి" అంది. ఏ గోపురం? అడగబోయి తలెత్తాను. దాని కళ్లు కుడివైపు గోపురం మీద వాలి ఉన్నాయి. నా పెన్సిలు అటు కదిలింది. నేను అటు గీయడం మొదలుపెట్టాక అది తల ఎత్తి నా వంక చూసింది, తర్వాతి మాట అంది. ఇదంతా రెండు మూడు సెకన్ల వ్యవహారం. కానీ ఆ రెండు మూడు సెకన్లలో మేమిద్దరం ఒక పని కలిసి చేశామన్న భావన కలిగింది. ఈ రకం పటం ప్రయోగాన్ని స్కాంట్సే, అన్నా యల్మార్సన్, కాథరీన్ ఎర్టెల్ 2014లో ప్రచురించారు. మాట ఎటూ తేలనిచోట రోబో చూపు దాన్ని తేల్చేస్తుందని అందులో చూపించారు.

మాట్లాడేవాళ్ల వంతులు కూడా చూపుతోనే మారతాయి. 1967లో ఆడమ్ కెండన్ అనే పరిశోధకుడు ఇద్దరు మాట్లాడుకునే ఫిల్ములను ఫ్రేము ఫ్రేముగా చూసి ఈ సంగతి రాశాడు. పెద్ద మాట మొదలెట్టేవాడు చూపు పక్కకు తిప్పుకుంటాడు, ముగించేటప్పుడు ఎదుటివాడి వైపు తెస్తాడు. "ఇక నువ్వు చెప్పు" అని నోటితో అనకుండానే అన్నట్టు. ఇప్పటి మాట్లాడే యంత్రాల్లో ఎక్కువ భాగానికి ఈ మర్యాద తెలియదు. మనం ఊపిరి తీసుకోవడానికి ఆగితే అయిపోయిందనుకుని అడ్డొస్తాయి. ఫర్‌హ్యాట్ ఆలోచిస్తున్నట్టు కళ్లు పక్కకు తిప్పినప్పుడు నేను నోరు మూసుకుని ఆగాను. ఆగమని నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫర్‌హ్యాట్ కళ్లు దేన్నీ చూడవు. అవి వెలుగుతో గీసిన బొమ్మలు. చూసే కెమెరా ముఖానికి కింద వేరే ఉంది. అంటే గోపురం మీద వాలిన ఆ చూపు అచ్చంగా నా కోసం చేసిందే. ఇది మోసం కాదా అని ఆ పిల్లనే అడిగాను. తను చిన్నప్పుడు గుంటూరులో ఏడెనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకుంది. "డాన్సులో చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి బాబాయ్. మా మాస్టారు దీనికోసం ఎంత తిట్టేవారో. నా చెయ్యి ఎక్కడుందో నాకు కనపడాలని కాదు కదా అది, చూసేవాళ్లకి తెలియాలని. ఇదీ అంతే" అంది. నందికేశ్వరుడి అభినయదర్పణం చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. రోబో కన్నును అభినయంగా చూడటం మాత్రం నాకు కొత్త. ఆ యాత్ర పొడుగునా ఈ మాటే నాకు దారి చూపింది.

ఆ పిల్లే ఆ మధ్యాహ్నం నాకు ఇంకో వింత చూపించింది. కళ్లజోడు లాంటిదొకటి నాకు పెట్టి, ల్యాబు వంటమూలలో కాఫీ కలపమంది. కళ్లజోడు చట్రంలో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, చిన్న కెమెరాలు ఉన్నాయి. దీపం వెలుగు నల్లగుడ్డు పైపొర మీద పడి చుక్కలా మెరుస్తుంది. కంటిపాప కదిలినా ఆ మెరుపుచుక్క అంతగా జరగదు. రెంటి మధ్య దూరాన్ని, దిక్కును లెక్కగట్టి కన్ను ఎటుందో యంత్రం చెబుతుంది. ముందుగా ఒక గుర్తు వైపు చూడమని మన కంటికి తగ్గట్టు సరిదిద్దుకుంటుంది. కాఫీ అయ్యాక వీడియో పెట్టింది. నా కంటికి కనిపించినదంతా తెర మీద ఉంది. నా చూపు ఎక్కడుంటే అక్కడ ఒక ఎర్రటి వలయం ఉంది.

వలయం కప్పు పిడి మీదికి గెంతింది. తర్వాత చెయ్యి వచ్చింది. చెయ్యి ఇంకా పిడిని పట్టుకుంటూ ఉండగానే వలయం ఫ్లాస్కు మూత మీదికి పోయింది. ఫ్లాస్కు వంచుతున్నప్పుడు అది కప్పు అంచు దగ్గర నిలబడింది. ధార పడుతుండగానే చక్కెర డబ్బా వైపు ఒకసారి పోయి వచ్చింది. చక్కెర తీయాలన్న ఆలోచన నాకు అప్పటికింకా రాలేదని ప్రమాణం చేసి చెప్పగలను. చెంచా కోసం వెతికినప్పుడు మాత్రం వలయం బల్లంతా తిరిగింది. వీడియో పొడుగునా నా చేతి మీద అది ఒక్కసారి కూడా ఆగలేదు. "చూశారా, డాన్సుకి సరిగ్గా తిరగేసి" అంది ఆ పిల్ల. నాట్యంలో చేతి వెనక చూపు, పనిలో చూపు వెనక చెయ్యి.

ఇంగ్లండులో మైకేల్ లాండ్ అనే శాస్త్రవేత్త 1999లో టీ పెట్టేవాళ్ల కళ్లను ఇలాగే గమనించాడు. చెయ్యి వస్తువును అందుకోవడానికి అర సెకను పైచిలుకు ముందే కన్ను అక్కడికి చేరుతుందని తేల్చాడు. అర సెకనంటే మనకు లెక్కలోకి రాదు. మోటారుకు, కంప్యూటరుకు అది చాలా పెద్ద వ్యవధి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బిల్గె ముట్లు బృందం 2015లో శాండ్‌విచ్ తయారీని ప్రయోగంగా పెట్టింది. ఏమేం కావాలో చెప్పే మనిషి కంటి కదలికలను మాత్రమే కంప్యూటరుకిచ్చారు. అది నూటికి 76 సార్లు సరిగ్గా ఊహించింది. మనిషి నోటితో చెప్పడానికి దాదాపు 1.8 సెకన్ల ముందే. మన మనసులో మాట నోటికి రాకముందే కంటికొస్తుంది. కలిసి పనిచేసే యంత్రానికి అది వరం. వేరే ఉద్దేశంతో చూసే యంత్రానికీ అది వరమేనన్న దిగులు అప్పుడే నాలో మొదలైంది.

ఆ సాయంత్రం కేటీహెచ్ బయట రోడ్డు దాటబోతూ ఆగాను. సిగ్నల్ లేని జీబ్రా గీతలు. స్వీడన్లో 2000 మే 1 నుంచి అలాంటిచోట నడిచేవాళ్లకు కార్లు ఆగి దారివ్వాలన్నది చట్టం. చట్టం ఉన్నా ఎవరూ గుడ్డిగా దిగడం లేదు. ఒక ముసలావిడ గీతల దగ్గర నిలబడి కారు అద్దంలోంచి డ్రైవరు ముఖంలోకి చూసింది. అతను చూశాడు, వేగం తగ్గించాడు, ఆవిడ దిగింది. హైదరాబాదులో చెయ్యి అడ్డంపెట్టి ఎలా దాటుతామో అందరికీ తెలుసు. అక్కడ కూడా చేతికన్నా ముందు పనిచేసేది డ్రైవరు కంటితో కలిపిన మన కన్నే. నన్ను చూశాడని నాకు తెలియాలి. నాకు తెలిసిందని అతనికి తెలియాలి. అప్పుడే కాలు కదులుతుంది.

అదే ఎర్ర లైనులో ఇంకొన్ని స్టేషన్లు పోతే దాండెరీద్. చూపును కొలిచే పరికరాలకు పేరుపడ్డ టోబీ కంపెనీ కోసం అక్కడికి పోయాను. అది 2001లో మొదలైంది స్టాక్‌హోమ్ నుంచే. ఒళ్లంతా చచ్చుబడి కళ్లు మాత్రమే కదిలే మనుషులు ఇలాంటి పరికరాలతో మాట్లాడుతున్నారు, ఉత్తరాలు రాస్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. చూపుతో చేసే పనుల్లో నా దృష్టిలో ఇంతకు మించినది లేదు. నేనూ కూచుని ప్రయత్నించాను. తెరమీది అక్షరం వైపు కాసేపు చూస్తూ ఉంటే దాని చుట్టూ గీత నిండుతుంది, నిండాక అక్షరం పడుతుంది. తెలుగు కీబోర్డు తెరిచి నీళ్లు అని రాశాను. న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము. ఆరు చూపులు. దాహమైన మనిషి ఆరుసార్లు కన్నార్పకుండా చూపు నిలపాలి. తెలుగులో సగం పదం చూడగానే మిగతాది ఊహించి ముందుంచే మంచి సాఫ్ట్‌వేర్ ఎంత అవసరమో ఆ ఆరు చూపుల్లో తెలిసింది. ఇది మనవాళ్లు పూనుకోవాల్సిన పని.

కాసేపు చూస్తే అన్న షరతు ఎందుకంటే, చూసిన ప్రతిదాన్నీ యంత్రం ఆజ్ఞ అనుకుంటే బతకలేం. తల మీద చెయ్యి పెడితే భస్మమయ్యే వరం పొందిన భస్మాసురుడి లాంటి పరిస్థితి అవుతుంది: చూపు ఎక్కడ తగిలితే అక్కడ ఏదో ఒకటి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, పోతుంది. కన్ను సెకనుకు రెండు మూడుసార్లు గెంతుతుంది. అందులో ఏది కోరిక, ఏది ఊరికే దిక్కులు చూడటం? రాబర్ట్ జేకబ్ అనే శాస్త్రవేత్త 1990 ప్రాంతాల్లోనే ఈ చిక్కు గురించి రాశాడు. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో దీనికి తేలికైన ఉపాయం పెట్టారు. చూపు వస్తువును ఎంచుతుంది, రెండు వేళ్లు చిటికెలా కలిపితేనే పని జరుగుతుంది. సూచించేది కన్ను, సరేననేది చెయ్యి. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. మనసు మార్చుకునే హక్కు మనిషికి మిగిలింది.

ఉప్సాలాకు రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు. లినేయస్ తోట, సెల్సియస్ ఇల్లు, నదికి అటూ ఇటూ సైకిళ్లు. నేను తిన్నగా గుస్తావియానుం మ్యూజియానికి పోయాను. దాని గుమ్మటం కింద శరీరశాస్త్ర రంగస్థలం ఉంది. 1660లలో ఓలోఫ్ రూడ్‌బెక్ కట్టించాడు. మధ్యలో ఒక బల్ల, చుట్టూ బావి గట్ల మాదిరి నిట్టనిలువుగా లేచిన చెక్క అంతస్తులు. కూచోవడానికి వీల్లేదు, నిలబడి కిందికి చూడాల్సిందే. పై కిటికీల వెలుతురు నేరుగా బల్ల మీద పడుతుంది. శవాన్ని కోసే ఒక చేతిని వందల కళ్లు ఏ అడ్డూ లేకుండా వెంబడించడానికి కట్టిన గది అది. పై అంతస్తు కటకటాలు పట్టుకుని చూస్తే, చూడటం ద్వారా నేర్చుకోవడాన్ని వాళ్లు ఎంత గట్టిగా నమ్మారో అర్థమవుతుంది.

అదే ఊళ్లో 2006లో తేర్యే ఫాల్క్-యూటర్, గుస్తాఫ్ గ్రెడెబెక్, క్లాస్ ఫొన్ హోఫ్‌స్టెన్ పసిపిల్లల కళ్లను గమనించారు. తెర మీద ఒక చెయ్యి బంతుల్ని తీసి బకెట్లో వేస్తుంది. పెద్దవాళ్లూ, ఏడాది పిల్లలూ చెయ్యి చేరకముందే బకెట్ వైపు చూశారు. ఆర్నెల్ల పిల్లలు మాత్రం బంతి వెనకే పోయారు. ఇందులో నన్ను పట్టేసింది రెండో భాగం. చెయ్యి లేకుండా బంతులే వాటంతటవి కదిలి బకెట్లో పడితే, ఏడాది పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా ముందుకు చూడలేదు. వెనకే పోయారు. చేసేవాడు కనిపిస్తేనే మన కన్ను ముందుకు దూకుతుంది. చెన్నై ఫ్యాక్టరీలో కంచె ఎందుకుందో నాకు ఇక్కడ ఇంకొంచెం తెలిసింది. ఊరట ఏంటంటే, ఇటలీలో జెనోవాలో చేసిన ఐకబ్ అనే పిల్లవాడి సైజు రోబో వస్తువులు తీసిపెడుతుంటే, మనుషుల కళ్లు దాని చేతికి కూడా ముందే పోయాయని 2013లో తేలింది. చేయి చేయిలా కదిలితే మన కన్ను యంత్రాన్ని కూడా తోటి పనివాడిగా ఒప్పుకుంటుందన్నమాట.

ఉప్సాలా నుంచి ఉమియోకు రైలు ప్రయాణం ఆరు గంటలకు అటూ ఇటూ. యేవ్లె, సుండ్స్‌వాల్ దాటాక సముద్రం కుడివైపుకొస్తుంది. ఆ పైన హోగా కుస్తెన్, ఎత్తైన తీరం. మంచుయుగంలో మోసిన బరువు దిగిపోయాక ఆ నేల ఇప్పటికీ ఏడాదికి దాదాపు 8 మిల్లీమీటర్లు పైకి లేస్తూనే ఉంది. క్రామ్‌ఫోర్స్ దగ్గర్నుంచి ఉమియో దాకా 2010లో తెరిచిన కొత్త లైను. సొరంగం, వంతెన, సొరంగం. వెలుతురూ చీకటీ అలా మారుతూ పోతుంటే ఎదుటి సీటు పెద్దాయన అద్దంలో నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన కిటికీ పక్కనున్న నా కోటు వైపు చూశాడు, చలికనుకుని నేను అందించాను. ఆయన చూసింది దాని కిందున్న తన పత్రిక వైపని తర్వాత తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం. చూపు సగం చెబుతుంది, మిగతా సగం అడిగి తెలుసుకోవాల్సిందే. యంత్రమైనా అంతే.

ఉమియో బర్చ్ చెట్ల ఊరు. 1888లో ఊరంతా కాలిపోయాక, మంటలు ఒక వీధి నుంచి ఇంకో వీధికి పాకకుండా వెడల్పాటి దార్లు వేసి వాటి పొడుగునా ఈ చెట్లు నాటారు. నేను వెళ్లేసరికి అక్కడ ఆకులు పూర్తిగా పండిపోయాయి. ఇక్కడి విశ్వవిద్యాలయంలోనే రోలాండ్ యోహాన్సన్ బృందం 2001లో ఒక చిన్న, అద్భుతమైన ప్రయోగం చేసింది. మనిషి ఒక కడ్డీని పట్టుకుని, దారిలో ఉన్న అడ్డాన్ని తప్పించి, దాంతో ఒక స్విచ్చిని తాకాలి. కన్ను వరసగా కడ్డీని పట్టుకునే చోటికి, అడ్డం కొనకి, స్విచ్చికి పోయింది. కదిలే చేతిని గాని, కదిలే కడ్డీని గాని చూడలేదు. నా కాఫీ వీడియోలో ఎర్ర వలయం చేసిందీ అదే. రెండేళ్లకు రాండల్ ఫ్లానగన్‌తో కలిసి యోహాన్సన్ ఇంకో మెట్టెక్కాడు. ఒకరు దిమ్మలు పేరుస్తుంటే ఊరికే చూస్తున్న మనిషి కళ్లు కూడా, తానే పేరుస్తున్నట్టు, చేతికన్నా ముందు పోయాయి. పక్కన నిలబడి చూసేవాడు లోలోపల ఆ పని చేస్తూనే ఉంటాడు. సుత్తి అడగకముందే అందించే హెల్పరు, కత్తెర కోసం చెయ్యి చాచకముందే చేతిలో పెట్టే నర్సు, వీళ్ల నేర్పంతా ఇందులోనే ఉంది.

రోబో ఈ నేర్పుకు రెండువైపుల నుంచీ రావాలి. మన చూపు చదివి వస్తువు అందించడం ఒక వైపు. తను ఎక్కడ అందించబోతోందో తన చూపుతో మనకు చెప్పడం రెండో వైపు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక రోబో చేత నీళ్లసీసాలు అందింపజేశారు. ఇవ్వబోయే చోటు వైపు అది తల తిప్పి చూసినప్పుడు మనుషులు ముందుగానే చెయ్యి చాచారు. ఒక తల తిప్పడం, అంతే. కానీ కంపెనీల డబ్బు, తెలివి ఎక్కువగా మొదటి వైపుకే పోతున్నాయని నా అభిప్రాయం. యంత్రం మనల్ని చదవడం ఏడాదికేడాది మెరుగవుతోంది. యంత్రాన్ని మనం చదవగలగడం అంత వేగంగా మెరుగవడం లేదు. యూరప్‌లో కొత్త మోడల్ కార్లకు 2024 జులై నుంచి, అమ్మే ప్రతి కొత్త కారుకూ 2026 జులై నుంచి డ్రైవరు దృష్టి రోడ్డు మీంచి పక్కకు పోతే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. ప్రాణాలు కాపాడే నిబంధన, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అదే కెమెరా పనివాడి ముఖం చూసి వాడి మనసులో కోపముందా విసుగుందా అని యజమానికి చెప్పడం మొదలుపెడితే సంగతి వేరు. వైద్యం, భద్రత లాంటి కారణాలు మినహాయిస్తే పనిచోట్ల, బడుల్లో అలాంటి పనిని యూరప్ చట్టం 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మన దగ్గర కూడా ఆ చర్చ ఇప్పుడే, కెమెరాలు గోడలకెక్కకముందే, జరగాలి.

ఆఖరి రోజు ఊరికి బయట స్ప్రూస్ అడవిలోకి తీసుకెళ్లారు. చెట్లు కొట్టే యంత్రాలకు ఉమియో పేరుపడ్డ చోటు. కొమాట్సు ఫారెస్ట్ కేంద్రం ఇక్కడే ఉంది. హార్వెస్టర్ అనే ఆ యంత్రం క్యాబిన్లో ఒకే మనిషి, రెండు చేతుల్లో రెండు జాయ్‌స్టిక్కులు, వేళ్ల కింద వరసల కొద్దీ బటన్లు. క్రేను చివరి పట్టు చెట్టు మొదలును పట్టుకుంటుంది, కోస్తుంది, పడుకోబెట్టి కొమ్మలు చెక్కుతూ దుంగలుగా నరుకుతుంది. నిమిషంలోపే అంతా అయిపోతుంది. ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ఆపరేటర్లకు కూడా చూపును కొలిచే పరికరాలు పెట్టి, ఏ క్షణాన ఏది చూస్తారో గమనించి 2015లో ప్రచురించారు. నేను కలిసిన ఆపరేటర్ యాభై దాటిన మనిషి. ఒక చెట్టు పట్టులో ఉండగానే ఆయన కళ్లు తర్వాతి చెట్టును ఎంచుకుంటున్నాయి. నా కంటితోనే కనిపించింది.

యంత్రం పక్కన ఎర్ర అక్షరాల బోర్డు ఉంది, దూరంగా ఉండమని. దగ్గరికి రావాలంటే ఏం చెయ్యాలని అడిగాను. "నేను మిమ్మల్ని చూసేదాకా ఆగాలి. నేను చూశానని మీకు తెలిసేదాకా ఆగాలి. క్రేను పట్టు నేల మీద పెట్టి, చెయ్యి ఎత్తుతాను. అప్పుడు రండి." మనిషి లేకుండా దుంగలెత్తుకునే యంత్రాన్ని స్వీడన్ పరిశోధకులు ఇప్పటికే అడవిలో నడిపి చూశారు. క్యాబిన్ ఖాళీ అయిన రోజున మీరేం చూసి దగ్గరికెళ్తారని అడిగాను. ఆయన వెంటనే చెప్పలేదు. క్యాబిన్ మీదున్న పసుపు దీపం వైపు చూశాడు.

"అలాంటి దీపాలు పెడతామంటున్నారు" అన్నాడు. "అది వెలిగితే యంత్రం ఆన్‌లో ఉందని తెలుస్తుంది. నన్ను చూసిందని ఎలా తెలుస్తుంది?"